ముగ్గు కనిపించే కిటికీ

హస్త కార్తె, సోమవారం

విమానం కుర్చీలు రాసిచ్చే కిటికీ గదిలో పనిచేసేవాళ్ళు రోజూ దినచర్య రాయాలని నియమం. రాసింది యంత్రం చదువుతుందట. మనిషి చదివేటట్టయితే నాలుగు మాటలు తగ్గించి రాసేదాన్ని. యంత్రానికి విసుగు లేదు కాబట్టి ఉన్నదంతా రాస్తున్నాను.

విమానం ఇవాళ వేళకే లేచింది. దానికి పోసే కానుగ నూనె కాలిన వాసన మధ్యాహ్నం దాకా తుని మైదానం వదల్లేదు. ప్రయాణికులు ఎవరి వంతు గింజలు వాళ్ళే మోసుకొచ్చారు. ఒక పెద్దమనిషి బస్తా గానుగలో పోస్తుంటే అడుగున గులకరాళ్ళు గలగలమన్నాయి. గానుగ దగ్గర పని మా ఆయనది. రోకలి విరిగిపోయేదని ఆయన కేకలేశాడు. నేను కేకలు వేయలేదు, ఆ రాళ్ళ పెద్దమనిషిని తీసుకెళ్ళి పదో వరసలో కూర్చోబెట్టాను. పదో వరసకు కిటికీ ఉండదు, గోడ ఉంటుంది. విమానం కట్టినవాళ్ళు అక్కడ కిటికీ మరిచిపోయారని అందరూ అంటారు. నాలాంటిది ఒకతి ఈ ఉద్యోగంలోకి వస్తుందని వాళ్ళకు ముందే తెలుసని నా అనుమానం.

మనిషికి ఎగిరే వంతు జన్మకొక్కసారి. తిరుపతి దాకా గాలిలో పోవడం, తిరుగుదారి రైల్లో రావడం. అందుకని పెళ్ళి సంబంధానికి కూడా అడగనన్ని ప్రశ్నలు కిటికీ కోసం అడుగుతారు. నేను చెప్పేది ఎప్పుడూ ఒకటే. ఎడమ పక్క, రెక్కకు ముందు వరస. రెక్క మీది వరస తీసుకుంటే దారి పొడుగునా రేకు చూసుకుంటూ కూర్చోవాలి. రెక్క వెనక రెండు మూడు వరసల్లో మర వేడికి కింద ఊళ్ళన్నీ నీళ్ళలో ఉన్నట్టు వణుకుతాయి. తెల్లబట్టలు వద్దు, కట్టుకుంటే అద్దంలో మీ చొక్కాయే మీకు కనిపిస్తుంది. కుడి పక్కన ఉన్నవి బోడి కొండలు, నిద్రపోయేవాళ్ళకు అది బాగుంటుంది.

ఇన్ని చెప్పే నేను ఎన్నడూ విమానం ఎక్కలేదు. నా వంతు ఇంకా రాలేదు. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పింది విని, ఒకరి మాట ఇంకొకరి మాటతో పోల్చుకుని నేర్చుకున్న విద్య ఇది. గరిటె పట్టకుండా వంట గురించి చెప్పేవాళ్ళు ఊరి నిండా ఉన్నారు, వాళ్ళనెవరూ ఏమీ అనరు.

ఇవాళ ఎక్కినవాళ్ళలో మా పక్కింటి గవరయ్య కూడా ఉన్నాడు. వాళ్ళ మేక మా మునగ మొక్కను మొదలంటా తినేసి నెల కూడా కాలేదు. "చెల్లెమ్మా, మంచి కిటికీ సూడు" అని నవ్వుతూ అడిగాడు. నేనూ నవ్వుతూనే కుడి పక్క, చివరి వరస, పాయిఖానా గోడకు ఆనుకున్న కుర్చీ రాసి ముద్ర వేశాను.

హస్త కార్తె, ఆదివారం

గవరయ్య నున్నటి గుండుతో, లడ్డూల మూటతో రైలు దిగాడు. తిన్నగా మా ఇంటికే వచ్చి ఒక లడ్డూ నా చేతిలో పెట్టి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

"నీ రుణం తీర్సుకోలేను చెల్లెమ్మా. అలాంటి కిటికీ ఇంకెవరికీ ఇచ్చుండవు."

ఎత్తిపొడుపు అనుకున్నాను. లడ్డూ మటుకు తిన్నాను.

సాయంత్రం అరుగు మీద చూపు చెప్పాడు. మా వీధి పద్ధతి ఇది. ఎగిరి వచ్చినవాళ్ళు ఆ రోజే అందరి మధ్యా కూర్చుని, ఏం చూశారో నోటితో చెప్పాలి. బొమ్మలు చూపిస్తే ఎవరూ ఒప్పుకోరు. యంత్రాన్ని అడిగితే ఎవరికి కావలసిన బొమ్మ వాళ్ళకు చేసి ఇవ్వడం మొదలయ్యాక బొమ్మకు సాక్ష్యం విలువ పోయింది. కళ్ళతో చూసిన మనిషి మాటకే విలువ. ఏమీ కనిపించలేదని చెప్పడం మాత్రం వీధికి అరిష్టమంటారు. ఇంతవరకు అలా చెప్పినవాళ్ళు లేరు.

"అడివి సూసాను," అన్నాడు గవరయ్య. "ఉప్పాడ దాటాక మొదలైంది. పచ్చగా, ఒడ్డు పొడుగూతా ఆరేసిన సీరలాగ. మద్దెలో ఎర్రగా ముగ్గు."

మా అత్తయ్య అప్పాయమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీయడం ఆపేసింది. అరుగుకు ఆ చివర కూర్చున్న నూకరత్నం పిన్ని చెవి మీది కొంగు వెనక్కి నెట్టింది.

"ముగ్గు సూసావు కదా. గీత ఏ పక్క వంకరుందో సెప్పు," అంది అత్తయ్య.

గవరయ్య ఇద్దరి మొహాలూ చూశాడు. "ఒంకరైతే ఉంది. ఎవరిదో నేను సెప్పను తల్లీ. నా మేక ఇద్దరి పెరట్లోనూ మేస్తది."

ఈ తగవు గురించి యంత్రానికి చెప్పాలి. సముద్రం ఊళ్ళ మీదకు వస్తున్న రోజుల్లో ఒడ్డున అలలను ఆపే మడ చెట్లు నాటే పనికి ఆడవాళ్ళను పెట్టారు. మోకాటి లోతు బురదలో, ఉప్పాడ కింద నుంచి కోరంగి దాకా. అత్తయ్యా, రత్నం పిన్నీ చెరొక వరసకు మేస్త్రీలు. నాటగా నాటగా విసుగొచ్చి, అందరూ కూడబలుక్కుని ఒకచోట పచ్చ మడల మధ్య తిల్ల మొక్కలతో ముగ్గు గీశారు. తిల్ల ఆకు చలికాలం ముందు ఎర్రబడుతుంది. పైనుంచి పోయేవాళ్ళకు తప్ప ఎవరికీ కనిపించని ముగ్గు వేయడం మా వాళ్ళకే చెల్లింది. తూర్పు నుంచి అత్తయ్య, పడమటి నుంచి పిన్ని తాడు పట్టుకుని వచ్చి మధ్యలో గీత కలపాలి. ఆ రోజు గాలివాన. గీత వంకర పోయిందని ఇద్దరికీ తెలుసు. ఎవరి చేతిలో పోయిందన్నదే ఇప్పటికీ తేలలేదు. బురదలో నిలబడితే ముందున్న మొక్క తప్ప ఏమీ కనిపించదు మరి.

మూడేళ్ళ కిందట పిన్ని ఎగిరి వచ్చింది. నేనే ఎడమ పక్క రెండో వరస ఇచ్చాను. వచ్చి, ఇదే అరుగు మీద, "నా వరస దారం పట్టినట్టుంది. అప్పాయమ్మొదిన వరస ఎద్దు ఉచ్చ పోసుకుంటా నడిసినట్టుంది" అని వీధి మొత్తానికీ చెప్పింది. ఆ రోజు నుంచి అత్తయ్య పిన్నితో మాట్లాడదు. పులుసు పెట్టిన రోజున గిన్నెడు నా చేత పంపుతుంది. పిన్ని గిన్నె కడిగి, అందులో పచ్చడి వేసి తిప్పి పంపుతుంది. మాటలు మాత్రం లేవు.

చిత్త కార్తె, బుధవారం

అత్తయ్యకు వంతు వచ్చింది.

కబురు విన్నప్పటి నుంచి ఆవిడ కాలు నిలవడం లేదు. ఆవిడకు తిరుపతి అక్కర్లేదు, ఆకాశం అక్కర్లేదు. తన వరస తిన్నగా ఉందా లేదా అన్నది చూడాలి. మడ నాటిన పదిమందిలో బురద జ్వరాలకూ ముసలితనానికీ పోయినవాళ్ళు పోగా మిగిలింది వీళ్ళిద్దరే. తాము చేసిన పని మొత్తం ఎలా ఉందో ఒక్కసారి చూసి పోవాలని ఆవిడ కోరిక. పైకి మాత్రం పిన్ని నోరు మూయించడానికే అంటుంది.

"రత్నం కూసున్న కుర్సీలోనే నన్ను కూసోబెట్టు," అంది. ఎడమ పక్క రెండో వరస రాసి ముద్ర వేశాను.

అత్తయ్య ఎక్కే రోజే వంతు పడ్డ లెక్కల మాస్టారు సన్యాసిరావు గారు కూడా వచ్చారు. వరసలో నలభైమంది ముందు, "ఎడమ పక్కే మంచిదని దేన్నిబట్టి చెప్తున్నావమ్మా? నువ్వు ఎక్కావా?" అని అడిగారు. వెనక ఎవరో నవ్వారు. నిదానంగా, మర్యాదగా, కుడి పక్క రెండో వరస రాసి ఇచ్చాను. మాస్టారు ఆ కాగితం వైపూ నా వైపూ చూసి, ఏదో అర్థమైనట్టు తలాడించి వెళ్ళిపోయారు.

చిత్త కార్తె, శుక్రవారం

పొద్దున్నే గవరయ్య కొత్త మునగ మొక్క తెచ్చి మా పెరట్లో నాటాడు, చుట్టూ ముళ్ళకంప కూడా కట్టాడు. ఎత్తిపొడుపు ఇంత దూరం రాదు. ముళ్ళకంప దగ్గరే ఆపి అడిగాను.

"అన్నయ్యా, నిజం చెప్పు. నీకు అడవి ఏ పక్క కనిపించింది?"

"నా పక్కే. కుడి పక్క. ఎడం పక్కోళ్ళు పాపం నీళ్ళే సూసుకున్నారు. నా పక్కకి ఒంగి సూడ్డానికి సిగ్గుపడి ముందుకి సూస్తా కూసున్నారు."

"ఆ సంగతి అరుగు మీద ఎందుకు చెప్పలేదు?"

"మన ఈదిలో సగం మంది ఎడం పక్క కూసుని అడివి సూసొచ్చామన్నోళ్ళే కదమ్మా. ఆళ్ళ మొకాన ఎలా సెప్పేది."

విమానాన్ని కడిగే ఆడవాళ్ళతో కలిసి నేనూ బకెట్టు పట్టుకుని వెళ్ళాను. విమానానికి తోలేవాడు లేడు, తనను తానే తోలుకుంటుంది. అడిగితే మాట్లాడుతుంది కూడా. అడిగేవాళ్ళే లేరు, దానితో మాట్లాడితే శాసనం చదువుతున్నట్టుంటుంది.

"మడ అడవి ఏ పక్క వస్తుంది?" అని అడిగాను.

"కుడి పక్కన వచ్చును."

"ఎడమ పక్క కదా రావాలి. నువ్వు నేల మీదుగా పోతావు, సముద్రం ఎడమకు ఉంటుంది."

"ఏడు సంవత్సరముల క్రిందట గూడబాతుల క్షేమము నిమిత్తము దారి మార్చుకొంటిని. ఇప్పుడు సముద్రము మీదుగా పోవుదును. నేల కుడి పక్కన ఉండును."

"మరి చెప్పలేదేం?"

"ఎవరును అడగలేదు."

బకెట్టు అక్కడే పెట్టి రెక్క నీడలో కూర్చుండిపోయాను. ఏడేళ్ళు. నా మాట నమ్మి ఎడమ పక్క కూర్చున్నవాళ్ళందరూ గుర్తొచ్చారు. ముదురు రంగు బట్టలు కట్టుకుని, జన్మకొక్కసారి వచ్చే వంతును చేతులారా నీళ్ళలో పోసుకున్నవాళ్ళు. తిరిగొచ్చి ఒకరు ముగ్గులో తామర పువ్వుందన్నారు, ఒకరు రథం అన్నారు, ఒకరు రెండు చిలకలన్నారు. ఎవరి కళ్ళు వాళ్ళవి అనుకున్నానే తప్ప, ముగ్గు ఒకటే కదా అని తట్టలేదు. నేను పోట్లాడి కుడి పక్కకు తోసినవాళ్ళు మాత్రం వచ్చాక నాతో ఎంత మంచిగా ఉన్నారో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది. నా మంచితనం చూసి మారారనుకున్నాను.

చిత్త కార్తె, శనివారం

విమానం చెప్పిందంతా, గూడబాతుల సంగతితో సహా, అత్తయ్యకు చెప్పేశాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

"అంటే రత్నం సూసింది నీళ్ళా?"

"నీళ్ళే అత్తయ్యా. ఆవిడ కూర్చున్నది ఎడమ పక్క. ముగ్గు కనిపించే దారే లేదు."

ఇక చూడు, కొంగు బిగించి అరుగెక్కుతుంది, పిన్నిని నలుగురిలో నిలదీస్తుంది అనుకున్నాను. మూడేళ్ళ అవమానం మరి. అత్తయ్య పొయ్యి ముందు చతికిలబడింది.

"అయితే దానికీ తెలీదన్నమాట," అంది. "పాపం, మోకాళ్ళ నొప్పులతో అంత దూరం ఎల్లి, నీళ్ళు సూసొచ్చింది."

"మీ గురించి అబద్ధం చెప్పింది కదా."

"సెప్పక ఏం సేస్తది? ఇద్దరం నాటాం. ఎల్లినోళ్ళంతా సూసామంటన్నారు, నాకే కనపళ్ళేదని అదెలా సెప్పుకుంటది. నేనైనా అంతే సేద్దును. ఆ ఎద్దు మాట మటుకు అక్కర్లేదు." పొయ్యిలో పుల్ల ముందుకు తోసింది. "ఒసే వేణీ, నన్ను కుడి పక్కకి మార్సు. ఇద్దర్లో ఒకరన్నా సూడాలి."

మార్చు అనడం తేలిక. ముద్ర పడ్డాక ఖాళీలు ఉండవు. కుడి పక్క ముందు వరసలన్నీ నిండాయి. అవన్నీ నాకు నచ్చనివాళ్ళతోనే నిండాయి. అత్తయ్యకు ఎదురు కుర్చీ, అంటే కుడి పక్క రెండో వరస, సన్యాసిరావు మాస్టారిది.

స్వాతి కార్తె, మంగళవారం

మాస్టారి దగ్గరకు బయలుదేరుతూ నా ఉపాయం అత్తయ్యకు చెప్పాను. "ఆయనకు ఎడమ పక్క అడవి వస్తుందనే చెప్తాను. అందరూ అలాగే అనుకుంటున్నారు కదా. సంతోషంగా మార్చుకుంటారు."

అత్తయ్య నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఆయన మాత్రం రెండుసార్లు ఎగురుతాడా? ఏడేళ్ళు తెలీక సేసావు, ఇప్పుడు తెలిసి సేస్తావా? నిజం సెప్పి అడుగు. ఇస్తే ఇస్తాడు, లేపోతే లేదు."

"ఇవ్వకపోతే మీరు చూడలేరు."

"అప్పుడు నీళ్ళే సూసొచ్చి, నీళ్ళే సూసానని సెప్తాను."

ఆవిడ తేలిగ్గా అనేసింది గానీ, అన్నాక లోపలికి వెళ్ళి, కట్టుకోవడానికి తీసి పెట్టుకున్న నేరేడు రంగు చీర మళ్ళీ మడత విప్పి మడత పెట్టింది.

మాస్టారు వాకిట్లో కానుగ గింజలు ఎండబెట్టుకుంటున్నారు. నిలబడే మొత్తం చెప్పాను. దారి మారిందని, అడవి కుడి పక్క వస్తుందని, ఆయనకు ఇచ్చిన కుర్చీయే విమానంలోకెల్లా మంచిదని, మా అత్తయ్య నాటిన ముగ్గు అక్కడ ఉందని, దయచేసి మార్చుకోమని.

మాస్టారు విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, నవ్వారు.

"అమ్మా వేణీ, ముప్ఫై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను. పలక మీద తప్పు చెరిపేసి మొదటి నుంచీ ఒప్పే రాశానని చెప్పే మొహం నేను గుర్తుపడతాను. ఆ రోజు నాకు కోపంతో కుడి పక్క ఇచ్చావు. ఔనా?"

"ఔనండి."

"నువ్వు కోపంతో ఇచ్చింది మంచి కుర్చీ అవుతుందా?"

"అయిందండి. అదే నా బాధ."

"ఇప్పుడేమో, ఇది మంచిది, ఇది మాకిచ్చేయండి అంటున్నావు. నిజంగా మంచిదైతే నాకెందుకు చెప్తావు? చెప్పకుండా మార్చేదానివి. అంటే ఇందులో ఇంకేదో ఉంది. ఆ ఇంకేదో ఏమిటో నాకు తెలియదు గానీ, ఊరంతా ఏడేళ్ళుగా ఎడమ పక్క కూర్చుని అడవి చూసొచ్చింది. అంతమంది సాక్ష్యం ఒక పక్క, నీ ఒక్కదాని మాట ఒక పక్క. మార్చుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. ఎడమ పక్క నాకు రాయి."

మళ్ళీ చెప్పాను. అమ్మవారి మీద ఒట్టేశాను. విమానాన్నే అడగమన్నాను. విమానానికి మీరే నేర్పించి ఉంటారు అన్నారు. ఎంత చెప్తే అంత గట్టిగా ఎడమ పక్కే కావాలన్నారు. నిజం చెప్పి ఒకరిని మోసం చేసినంత పనయింది.

ప్రయాణికుల తూకం దగ్గర మళ్ళీ పేచీ. మాస్టారు భారీ మనిషి, అత్తయ్య ఈనెపుల్ల. మార్పు విని విమానం, "కుడి పక్క బరువు చాలదు" అంది. అత్తయ్య చింతపండు బస్తా ఒళ్ళో పెట్టుకుని పోవడానికి ఒప్పుకుంది. తిరుపతిలో దిగాక అది ఏం చేస్తారని అడిగాను. "దేవుడికేం, పులిహోరలోకి పనికిరాదా" అంది.

విశాఖ కార్తె, సోమవారం

తెల్లవారుతూనే మబ్బు పట్టింది. ఈ కార్తెలో మబ్బంటే గాలివానకు ముందు మబ్బు. ఇవాళ లేవకపోతే వంతు పోయినట్టే, మళ్ళీ ఇవ్వరు. అత్తయ్య నేరేడు రంగు చీరలో, చింతపండు బస్తా ఒళ్ళో పెట్టుకుని, కిటికీకి మొహం ఆనించి అప్పటికే కూర్చుంది. విమానం ఇంకా కదలనే లేదు. ఎదురుగా మాస్టారు ఎడమ కిటికీ అద్దం తుడుచుకుంటున్నారు.

రత్నం పిన్ని కంచె అవతల నిలబడి ఉంది. ఎందుకొచ్చావని అడిగితే, గేదె ఇటు వచ్చిందంది. పిన్నికి గేదె లేదు.

విమానం లేచి మబ్బులోకి పోయింది. గదిలోకి వచ్చి ముద్ర తలకిందులుగా వేశాను, రెండుసార్లు. ఆవిడ వెళ్ళే దారిలో మబ్బు లేకుండా చూడమని ఎవరికి మొక్కాలో తెలియక, గానుగ దగ్గరున్న మా ఆయన మీద కేకలేశాను. ఆయన ఇంకో గుప్పెడు గింజలు గానుగలో పోశాడు, పెళ్ళయిన కొత్తలో అయితే తిరిగి కేకలేసేవాడు.

విశాఖ కార్తె, ఆదివారం

అత్తయ్యా, మాస్టారూ ఒకే రైల్లో వచ్చారు, ఇద్దరికీ గుండ్లే. మాస్టారు నా వంక చూడలేదు. అత్తయ్య కూడా ఏమీ చెప్పలేదు, అరుగు మీదే చెప్తానంది. దారి పొడుగునా అడిగాను. మంచినీళ్ళు ఇమ్మంది.

సాయంత్రం వీధంతా చేరింది. పక్క వీధి ఆయనైనా మాస్టారు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. రత్నం పిన్ని అరుగు ఆ చివర, గోడకు మొహం తిప్పి కూర్చుంది.

"ఉప్పాడ దాటాక మబ్బు ఇడిపోయింది," అంది అత్తయ్య. "అడివి సూసాను. గవరయ్య సీర అన్నాడు గానీ అంత పొడుగు సీర ఏ ఆడదీ కట్టలేదు. మనం పదిమందిమి నాటాం అది. మనమే నాటాం అంటే నాకే నమ్మకం కుదర్లేదు." కొంగు బిగించింది. "ముగ్గు సూసాను. తామర పూలూ లేవు, రథాలూ లేవు. మనం వేసిన సుక్కల ముగ్గే, ఎర్రగా, ఆ రోజు ఎలా అనుకున్నామో అలాగే. రత్నం వరస దారం పట్టినట్టుంది. వంకర నాదే."

వంకర తనదేనని ఒప్పుకోవడానికి అరుగెక్కినవాళ్ళను మా వీధి ఇంతవరకు చూడలేదు.

రత్నం పిన్ని గోడ వైపు నుంచి తిరిగింది. "నాకేటి తెలుసొదినా," అంది. "నేను నీళ్ళు సూసాను. పోతున్నంత సేపూ నీళ్ళే. కళ్ళు మండిపోయేదాకా సూసాను. అడివి ఇప్పుడొస్తది, ఇప్పుడొస్తది అని."

వెనక నుంచి సన్యాసిరావు మాస్టారు దగ్గారు. "నేనూ నీళ్ళే చూశాను," అన్నారు. "ఆ అమ్మాయి నిజమే చెప్పింది. నేనే ఎక్కువ తెలివితేటలకు పోయాను." తరవాత తామర పువ్వు చూసిన కామేశం లేచి, తాను చూసింది కూడా నీళ్ళేనన్నాడు. రథం చూసిన ఆవిడ, చిలకలు చూసిన దంపతులు. ఒకరి తరవాత ఒకరు, నవ్వుతూ, తలవంచుకుంటూ. చిలకలాయన పెళ్ళాం వైపు చూసి, "రెండు చిలకలని చెప్పమన్నది నువ్వే కదే" అన్నాడు. ఏడేళ్ళుగా మా వీధి మొత్తం చూసొచ్చింది ఒకే ఒక్క సముద్రం. అందరూ నా వైపు తిరిగారు. నేను లేచి, తప్పు నాదని, దారి మారిందేమో అని ఒక్కసారి కూడా అడగలేదని చెప్పాను. తిడతారనుకున్నాను. గవరయ్య తన మేక పుణ్యాన తనకు కుడి పక్క దొరికిందని చెప్పేసరికి అందరూ నవ్వేశారు, నేను తప్పించుకున్నాను.

అత్తయ్య ఇంకా ముగించలేదు. చెయ్యెత్తితే అందరూ ఊరుకున్నారు.

"వంకర సంగతి వినండి. నేను తాడు వదిలేసినకాడ గీత లోపలికి మడతపడి, సిన్న మడుగు కట్టింది. అల తగలని నీళ్ళు. ఆ మడుగు సుట్టూ సెట్ల మీద తెల్లగా గూడబాతులు. కొమ్మ కనపడకుండా గూళ్ళు. ఇంకెక్కడా లేవు, నేను ఒడ్డంతా సూసాను. అక్కడే ఉన్నాయి." రత్నం పిన్ని వైపు తిరిగింది. "ఇమానం దారి మార్సుకుంది ఆటి కోసమే కదే. నా వంకరకి ఆకాశంలో ఇమానం పక్కకి తప్పుకుని పోతంది."

"మరి నా వరసలో ఏటున్నాయొదినా?"

"తిన్నగా ఉంది కదే. కాకి కూడా వాలలేదు."

పిన్ని నవ్వింది, నవ్వి నవ్వి ఏడ్చింది. అత్తయ్య జరిగి చోటిచ్చింది. మూడేళ్ళ తరవాత ఇద్దరూ ఒకే చాప మీద కూర్చున్నారు. గాలివాన రోజున తాడు ఎవరు ముందు వదిలారన్న దాని మీద వెంటనే కొత్త తగవు మొదలుపెట్టారు.

విశాఖ కార్తె, సోమవారం

కిటికీ గది ముందు కొత్త పలక పెట్టాను. కుడి పక్క అడవి, ఎడమ పక్క సముద్రం, రెండూ చూడదగ్గవే, దారి మారితే మేము తెలుసుకుని చెప్తాము అని. ప్రతి ఉదయం విమానాన్ని అడుగుతున్నాను, ఇవాళ ఏ దారి అని. అది కూడా అడిగించుకోవడానికి అలవాటు పడింది. సముద్రమే చూస్తానని ఎడమ పక్క అడిగి తీసుకున్నవాళ్ళు ఇవాళ ఇద్దరు వచ్చారు, ఇద్దరూ మాస్టారి శిష్యులు.

రాత్రి అన్నం వడ్డిస్తూ అత్తయ్య అంది, "నీ వంతు వచ్చినప్పుడు కుడి పక్క కూసో. ముగ్గంతా సూసుకో. తిన్నగా ఉన్నకాడ ఎక్కువసేపు సూడకు, అది రత్నానిది. వంకర తిరిగినకాడ సూడు. నేను పోయినా అది నాదే."

యంత్రానికి మనవి. ఇది చదువుతుంటే నా పేరు రాసి పెట్టుకో. కుడి పక్క, రెక్కకు ముందు, రెండో వరస. నేరేడు రంగు చీర అత్తయ్య ఇప్పుడే ఇచ్చేసింది.